పెద్దయ్యాక వేషం కట్టడం పిచ్చి అనేవాళ్ళు ఒకసారి బరంపురం రండి

"కామిక్ కాన్‌కి వేషాలు కట్టుకుని వెళ్ళే పెద్దవాళ్ళది డబ్బు దండగ కాదా?" అని ఎవరో అడిగారు. కామిక్ కాన్ అంటే బొమ్మల కథల అభిమానులు ఇష్టమైన పాత్రల వేషాలు కట్టుకుని వచ్చే మేళా. డబ్బు దండగ కాదు, ముమ్మాటికీ కాదు.

మాది బరంపురం. ఒడిశాలోనే ఉన్నా మా వీధిలో వినబడేది తెలుగే. ఇక్కడ రెండేళ్ళకోసారి ఠాకురాణి యాత్ర జరుగుతుంది. అమ్మవారు పుట్టింటికి వస్తుంది. ఆ పుట్టిల్లు మా నేతవాళ్ళ పెద్ద దేశిబెహరా ఇల్లు. యాత్ర రోజుల్లో మొక్కున్నవాళ్ళు వేషాలు కడతారు. పులివేషానికి ఒళ్ళంతా పసుపు రంగు పూసి చారలు దిద్దుతారు. ఆరేదాకా చేతులు చాపుకుని నిలబడాలి. ఆ నిలబడ్డాయన బడిపంతులు కావచ్చు, కిరాణాకొట్టు ఆయన కావచ్చు, పిచ్చి అని ఎవరూ అనరు. హైదరాబాద్‌లో కామిక్ కాన్ జరిగే హైటెక్స్ హాల్లో కడితే మాత్రం పిచ్చి ఎలా అవుతుంది?

నేను విక్రమార్కుడి వేషం కట్టాను, భుజం మీద శవంతో సహా. ఆ శవాన్ని, అంటే బేతాళుడిని, ఫోమ్ షీట్లు కోసి, దూది కూరి, నాన్న పాత పంచె చుట్టి మా అమ్మే కుట్టింది. జుట్టుకి జనపనార. నా భుజం మీద సరిగ్గా వాలేదాకా నడుము దగ్గర మూడుసార్లు విప్పి కుట్టింది. ఖర్చు పదిహేను వందలు దాటలేదు. ఆన్‌లైన్‌లో వేలు పోసి రెడీమేడ్ డ్రెస్సు కొనుక్కొచ్చేవాళ్ళని నేను వేషగాళ్ళ లెక్కలో వెయ్యను.

హైదరాబాద్ వెళ్ళే రైల్లో బేతాళుడిని పై బెర్తు మీద పడుకోబెడితే ఎవరో సూట్‌కేసు తోశారు. మోచేతి దగ్గర కుట్లు తెగిపోయాయి. రాత్రంతా ఒకటే టెన్షన్. తెల్లారాక ఎదురు సీటు పెద్దావిడ సంచిలోంచి సూదీ దారం తీసి తనే కుట్టిపెట్టారు.

హాల్లో పిల్లలంతా "అన్నా, ఇది ఏ అనిమే?" అనే అడిగారు, జపాన్ కార్టూన్లలో పాత్ర అనుకుని. మధ్యాహ్నం మనవడితో వచ్చిన ఒక తాతగారు నా దగ్గర ఆగి, వేలాడుతున్న శవం చెయ్యి పట్టుకున్నారు. "ఒరే, వీడు కథ చెప్పి ప్రశ్న అడుగుతాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే రాజు తల పగులుతుంది. చెప్పాడో, వీడు మళ్ళీ చెట్టెక్కేస్తాడు" అంటూ అక్కడే నేల మీద కూర్చుని కథ మొదలెట్టారు. ఇరవై నిమిషాలు కదలకుండా నిలబడ్డాను. భుజం తిమ్మిరెక్కినా దించబుద్ధి కాలేదు.

నా బాధ వేరే ఉంది. కామిక్ కాన్ 2011లో ఢిల్లీలో మొదలై 2013లో హైదరాబాద్‌కి వచ్చింది. అయినా నేను వెళ్ళినప్పుడు స్టాళ్ళలో టీషర్టులు, కీచైన్లే ఎక్కువ. తెలుగు బొమ్మల కథల కోసం వెతికి వెతికి కాళ్ళు పడిపోయాయి. చందమామ అట్టల మీద అంత గొప్ప బొమ్మలు వేసిన వడ్డాది పాపయ్య గారు పుట్టింది మా పక్కనున్న శ్రీకాకుళంలోనే. ఆయన బొమ్మలకి అక్కడ ఒక గోడైనా కేటాయించాలి. మనవడికి ఆ తాతగారు చూపించాల్సింది అలాంటివి.

నా బేతాళుడు ఇప్పుడు మగ్గం గదిలో దూలానికి వేలాడుతున్నాడు. జనపనార రాలిపోతోంది. వచ్చేసారికి నల్లనూలు జుట్టు పెడదామంటోంది అమ్మ.