గోడ తట్టి చూసి మర బిగించు తమ్ముడూ

రాజోలు నుంచి ఒక తమ్ముడు అడిగాడు. ఆగస్టులో ఎమ్మెస్‌కి డెన్వర్ వెళ్తున్నాడట, అక్కడ రాళ్లెక్కడం నేర్చుకోవాలని కోరిక. వేళ్ల బలం కోసం వేలాడే హ్యాంగ్‌బోర్డు ఊళ్లో వడ్రంగి చేత టేకుతో చేయించుకుని సూట్‌కేసులో పట్టుకెళ్లాలా, అక్కడే చేసుకుని అద్దె గదిలో బిగించుకోవాలా అని సందేహం. పైగా ఒక మాట తగిలించాడు: "మా నాన్నగారు కొబ్బరి దింపు తీసేవారండి, నాకూ చెట్టెక్కడం వచ్చు. వేళ్ల గురించి బెంగ లేదు."

అడగాల్సినవాణ్నే అడిగావు. సంక్రాంతికి వచ్చి అంబాజీపేట పక్కన మా ఇంటి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. ఈ చెక్క మీద నేను తగలేసినంత డబ్బు మన వైపు నుంచి ఇంకెవరూ తగలేసి ఉండరు.

నేను అమెరికా వెళ్లింది 2009లో. డాలరు 48 రూపాయలు. ఉద్యోగాలు పోతున్న రోజులు. ఒక అపార్ట్‌మెంట్‌లో నలుగురం. టమాటాలు కొన్నా 48తో గుణించి, ఒకటి వెనక్కి పెట్టేవాణ్ని. క్లైంబింగ్ జిమ్‌కి వెళ్లి, నెల ఫీజు గుణించుకుని, గుమ్మంలోంచే తిరిగొచ్చేశాను. సరే, నేనే చేసుకుంటాననుకున్నాను. రాళ్లెక్కడంలో పేరుమోసిన జర్మన్ వోల్ఫ్‌గాంగ్ గుల్లిక్ అంతటివాడు 1988లో న్యూరెంబర్గ్ జిమ్‌లో చెక్కబద్దలు బిగించుకుని వాటి మీదే సాధన చేశాడు. నాకేం తక్కువ?

కలప అడితికెళ్లి ఒక పైన్ చెక్క తెచ్చాను. టూ బై సిక్స్ అని అమ్ముతారు గానీ కొలిస్తే ఒకటిన్నర అంగుళాల మందం, ఐదున్నర వెడల్పే ఉంటుంది. అక్కడే మోసపోయాననుకుని కౌంటర్ దగ్గర గొడవపడబోయాను. చిత్రిక పట్టాక మిగిలేది అంతేనని, పేరు మాత్రం పాతదని ఆయన ఓపిగ్గా చెప్పాడు. దాని మీద సన్నబద్ద అంటించి, మన తలుపులకి వేసినట్టు రెండు పూతల వార్నిష్ వేశాను. అద్దంలా మెరిసింది. గోడకి చిల్లులు పెట్టి, ప్లాస్టిక్ ప్లగ్గులు దిగ్గొట్టి, మరలు బిగించాను. మా ఇంట్లో తొమ్మిదంగుళాల ఇటుక గోడకి తాతయ్య ఫొటో బిగించింది నేనే కదా, ఆ ధీమా.

వేలాడాను. రెండో సెకనుకి చెక్క, ప్లగ్గులు, పళ్లెమంత గోడ ముక్క, నేను, అందరం కలిసి కింద పడ్డాం. తోక ఎముక మీద వారం రోజులు కూర్చోలేకపోయాను.

అక్కడి లోపలి గోడలు ఎక్కువగా డ్రైవాల్. అట్టల మధ్య సుద్దలాంటి జిప్సం పలక, సాధారణంగా అర అంగుళం మందం. వెనకంతా బోలు. లోపల నిలువుగా చెక్క స్తంభాలుంటాయి, స్టడ్ అంటారు, మామూలుగా మధ్య నుంచి మధ్యకి 16 అంగుళాలు. బలమంతా వాటిదే. కాయని చెవి దగ్గర ఊపి, వేలితో తట్టి, లోపల సంగతి చెప్పేసే ఊళ్లో పుట్టి, నేను గోడని ఒక్కసారి తట్టి చూడలేదు!

ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లో 480 డాలర్లు కోశారు. గుణించుకో. 23,040 రూపాయలు. మా నాన్నకి ఇప్పటికీ తెలియదు.

సొంత ఇల్లు కొన్నాక సరిగ్గా చేశాను. చిన్న అయస్కాంతాన్ని గోడ మీద జరుపుతూ పోతే డ్రైవాల్ మరల దగ్గర టక్కున అతుక్కుంటుంది. అక్కడ స్టడ్ ఉన్నట్టు. సన్నని చిల్లి పెట్టి, చెక్కపొట్టు వస్తోందో తెల్లటి సుద్ద వస్తోందో చూసుకోవాలి. ముప్పావు అంగుళం ప్లైవుడ్‌ని రెండు స్టడ్‌ల మీద పడేలా, ముందే దారి చిల్లులు పెట్టి, బరువు మోసే మూడంగుళాల స్ట్రక్చరల్ మరలతో బిగించాను. పలకలు పోను ఒకటిం ముప్పావు అంగుళం స్టడ్‌లో దిగుతుంది. చవకని డ్రైవాల్ నల్ల మరలు వాడకు, బరువుకి పుటుక్కున విరుగుతాయి. స్విచ్‌లకి సూటిగా పైనా కిందా చిల్లులు వద్దు, వైర్లుంటాయి. బోర్డుని ఆ ప్లైవుడ్‌కి బిగించాలి. పట్టుకునే బద్ద 20 మిల్లీమీటర్ల లోతు చాలు, జిగురుతో పాటు వెనక నుంచి మరలు కూడా వెయ్యాలి. అంచుని గుండ్రంగా అరగదియ్యి, లేకపోతే చర్మం ఊడొస్తుంది. వార్నిష్ జోలికి పోకు. నా మెరిసే బోర్డు మీద ఆ రెండు సెకన్లలోనే చెమట వేళ్లు చేపల్లా జారాయి.

ఇక నాన్నగారి విద్య సంగతి. ఆయనకి నా దండం. కానీ కొబ్బరిచెట్టు ఎక్కేది అరచేతులతో, కాళ్లతో. రాయి అడిగేది వేలి చివరి కణుపుని. కండ నెలల్లో వస్తుంది, వేళ్లలో నరం లాంటి ఆ బంధాలు గట్టిపడటానికి ఏళ్లు పడుతుంది. అది తెలియక నేను 10 మిల్లీమీటర్ల బద్ద మీద, బొటనవేలు పైన వేసి బిగించి, ఊపుగా వేలాడాను. ఉంగరం వేలు మొదట్లో 'టప్' మంది. ఇన్సూరెన్స్ ఉన్నా మొదటి ఖర్చు మన జేబులోంచే పోతుంది. ఎంతయిందో రాస్తే మా ఆవిడ చదువుతుంది.

అంచేత మొదటి ఏడాది వేలాడ్డం మాని రాళ్లే ఎక్కు. డెన్వర్ పక్కనే గోల్డెన్‌లో నార్త్ టేబుల్ మౌంటెన్ ఉంది. లావా గడ్డకట్టిన నల్లరాయి, మన ఇళ్ల శ్లాబులకి పంగిడి నుంచి వచ్చే కంకర లాంటిదే. మన డెల్టా ఒండ్రులో గులకరాయి కూడా కొనుక్కోవాల్సిందే, అక్కడ కొండకి కొండే ఉచితం. తాడూ బూట్లూ మాత్రం ఉచితం కాదు, బూట్లు ముందు అద్దెకి తీసుకో.

టేకు బోర్డు పట్టుకెళ్లాలా అన్నావు. రెండడుగుల పొడుగు, ఆరంగుళాల వెడల్పు, రెండంగుళాల మందం అంటే మూడు కేజీలు. పెట్టెకి 23 కేజీలిస్తే అందులో మూడు చెక్కకా? ఆ చోటు ఆవకాయకియ్యి, అక్కడ సీసా కొన్న ప్రతిసారీ నన్ను తలుచుకుంటావు. బ్యాగేజీ, కస్టమ్స్ నిబంధనలు టికెట్ మీదా వెబ్‌సైట్‌లోనూ ఉంటాయి, చూసుకో. చెక్క వస్తువుంటే దాచకుండా చెప్పు.

అద్దె గోడ జోలికి అసలు వెళ్లకు. యజమాని ఊఁ అన్నా కాగితం మీద రాయించుకోకుండా చిల్లి పెట్టకు. జానెడు చెక్కముక్క చేయించు, ఒక పక్క 20 మిల్లీమీటర్ల మెట్టు, మధ్యలో చిల్లి, అందులోంచి గట్టి నైలాన్ తాడు. అక్కడ సోనామసూరి 20 పౌండ్ల సంచి, అంటే 9 కేజీలు, ఎలాగూ కొంటావు. సంచిని బ్యాక్‌ప్యాక్‌లో వేసి తాడుకి తగిలించి, వేళ్లతో నేల మీంచి లేపు. పది సెకన్లు, రెండు మూడు నిమిషాలు విశ్రాంతి, వారానికి రెండు రోజులు. గోడ అక్కర్లేదు, డిపాజిట్ క్షేమం, సాయంత్రం ఆ బియ్యమే వండుకోవచ్చు.

నిన్న మా వీధి చివర వడ్రంగి చేత నేనూ ఒకటి చేయించాను. మూడొందలు అడిగాడు, రెండొందల యాభైకి కుదిరింది. రంగు గానీ పాలిష్ గానీ వద్దని మూడుసార్లు చెప్పాను. పొద్దున్న తెచ్చిచ్చాడు, నిగనిగలాడుతోంది. "ఊరికే వదిలేస్తే బాగోదండీ, అమెరికా తీసుకెళ్తారు కదా" అన్నాడు. ఉప్పు కాగితంతో అరగంట నుంచి గీకుతున్నాను. నువ్వు చేయిస్తే పక్కనే కూర్చో.