పట్టేసిన నడుం సంగతి

చిరంజీవి అబ్బాయికి,

బియ్యం బస్తా ఎత్తబోతే నడుం పట్టేసిందని, మంచం దిగడం లేదని కోడలు ఫోన్లో చెప్పింది. ముందు ఒకటి తేల్చుకో. నొప్పి నడుములోనే ఉండి, వంగితే పెరిగి, ఒత్తిగిలి పడుకుంటే కాస్త సర్దుకుంటే అది కండరం బెణుకే అయ్యుంటుంది. మోకాలు దాటి పాదం దాకా జివ్వున లాగుతుంటే డాక్టరుకి చూపించుకో. ఒంటేలు ఆగిపోయినా, తెలియకుండానే ఒంటేలు కారిపోతున్నా, తొడల మధ్య మొద్దుబారినా, పాదం పైకి లేవకపోయినా మాత్రం తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరంతో వచ్చిన నడుంనొప్పి కూడా ఇంటి వైద్యానిది కాదు.

ఇవేవీ లేకపోతే బెంగ అక్కర్లేదు. జరిగింది ఇదీ. 26 కిలోల బస్తాని వెన్నుకి 40 సెంటీమీటర్ల ముందు పట్టుకుని ఎత్తావనుకో. వెన్నుపూసకి, దాని వెనకాల నుంచి లాగే కండరానికి మధ్య దూరం సుమారు 5 సెంటీమీటర్లే. తక్కెడ లెక్క వేస్తే ఆ కండరం 208 కిలోల లాగుడు లాగాలి, నీ ఒంటి బరువు కాకుండానే. ఆ లాగుడుకి కొన్ని పోగులు చిట్లుతాయి. ఆ చోటు కదలకుండా చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. నిన్ను కొయ్యలా చేసింది ఎక్కువగా ఈ బిగుసుకోవడమే. చిట్లింది కొంచెమే.

అందుకే పడుకునే ఉంటే తగ్గదు. ఒకటి రెండు రోజులకి మించి మంచం పట్టకు. మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి లేచి 5 నిమిషాలు ఇంట్లోనే నడు. లేచేటప్పుడు వెల్లకిలా ఉన్నవాడివి తిన్నగా లేవకు. మోకాళ్లు మడిచి, భుజం తుంటి ఒకేసారి కదిలేలా దుంగలా పక్కకి దొర్లు. కాళ్లు మంచం దించుతూ, పైనున్న చేత్తో పరుపుని నెట్టుకుని కూర్చో. పక్కకి పడుకుంటే మోకాళ్ల మధ్య, వెల్లకిలా అయితే మోకాళ్ల కింద దిండు పెట్టుకో. తుమ్ము వచ్చేలా ఉంటే గోడకి చెయ్యి ఆనించి మోకాళ్లు కాస్త వంచు. కొన్నాళ్లు కుర్చీ కమోడ్ వాడు. మలబద్ధకం రానివ్వకు, ముక్కితే నడుం మళ్లీ పట్టేస్తుంది.

మొదటి రెండు రోజులు ఐసు గుడ్డలో చుట్టి 15 నిమిషాలు పెట్టొచ్చు. తర్వాత వేడినీళ్ల కాపడమే హాయి. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేత తొక్కించమని మీ అత్తయ్య తప్పకుండా అంటుంది. పెద్దావిడ మాట అని ఊ కొట్టు, నడుం మాత్రం ఇవ్వకు. చిట్లిన పోగుల మీద కాలు పడితే తగ్గాల్సిన నొప్పి ఇంకా ముదురుతుంది. ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్ర అన్నం తిన్నాకే వేసుకో. అల్సరో, కిడ్నీ జబ్బో, బీపీయో ఉంటే డాక్టర్ని అడగనిదే వద్దు. ఎమ్మారైకి తొందరపడకు. ఏ నొప్పీ లేనివాళ్లకి తీసినా డిస్కు, అంటే వెన్నుపూసల మధ్య మెత్త, ఉబ్బిందని రావడం మామూలే. ఆ కాగితం చూసి అనవసరంగా జావగారిపోతావు.

పదునైన నొప్పి మొద్దుబారాక, సాధారణంగా మొదటి వారం చివర్లో, వ్యాయామం మొదలుపెట్టు. చేతులూ మోకాళ్ల మీద ఆవులా నిలబడి కుడిచెయ్యి ముందుకి, ఎడమకాలు వెనక్కి చాచి 10 సెకన్లు ఆపు, తర్వాత రెండోవైపు. అటు 5, ఇటు 5. నడుం మీద గిన్నెడు నీళ్లు పెట్టినా తొణక్కూడదు. తొణికేలా ఉంటే కాలు ఇంకాస్త దించు. పొద్దున లేచిన మొదటి గంటలో మాత్రం ముందుకి వంగేవేవీ వద్దు. రాత్రంతా నీరు పీల్చుకుని డిస్కులు ఉబ్బి ఉంటాయి. బెల్టు ప్రయాణాలకి చాలు, రోజంతా కట్టుకుంటే కండరం సోమరి కావచ్చు.

మామూలుగా 2 నుంచి 6 వారాల్లో సర్దుకుంటుంది. మూడో వారంలో నొప్పి పోయిందని బరువులెత్తేవాళ్లే మళ్లీ పడతారు. నొప్పి ముందు పోతుంది, పోగులు అతికి గట్టిపడటం తర్వాత. గ్యాస్ సిలిండరు ఎత్తకు, కాస్త వంచి అంచు మీద దొర్లించు.

ఆ బస్తా ఇంకా గుమ్మంలోనే ఉందట కదా. అక్కడే కుట్టు విప్పించి, చిన్న బకెట్‌తో నాలుగైదుసార్లు డబ్బాలోకి పోయించు.

ఆశీస్సులతో,
పెదనాన్న