టెక్ సందేహాలు: ఫాల్స్ సీలింగ్ మూయకముందే సీలింగ్ స్పీకర్ల సంగతి

ఇంటి పనులు మొదలుపెట్టిన పాఠకుల నుంచి ఈ మధ్య ఒకే రకమైన ప్రశ్నలు ఎక్కువగా వస్తున్నాయి. హాల్లో సినిమా హాలు లాంటి సౌండ్ కావాలి, స్పీకర్లు మాత్రం కంటికి కనిపించకూడదు, కాబట్టి అన్నీ సీలింగ్‌లో పెట్టించవచ్చా అన్నదే వాటి సారాంశం. అందుకే ఈసారి శీర్షికను పూర్తిగా ఈ విషయానికే కేటాయిస్తున్నాను.

హైదరాబాద్ పాఠకుడి ప్రశ్న: మా ఫ్లాట్‌లో హాలు 16 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు ఉంటుంది. ఫాల్స్ సీలింగ్ పూర్తయ్యాక ఎత్తు 9 అడుగులు వస్తుంది. టీవీ ఒక పొట్టి గోడకు ఉంటుంది, సోఫా దాని ఎదుటి గోడకు ఆని ఉంటుంది. ఐదు స్పీకర్లనూ సీలింగ్‌లో బిగిస్తే గది నీట్‌గా ఉంటుందని ఇంటీరియర్ డిజైనర్ చెబుతున్నారు. ఒప్పుకోవచ్చా?

ఒప్పుకోకండి. సరౌండ్ సౌండ్‌లో ముందు వైపు మూడు స్పీకర్లు, పక్కల రెండు స్పీకర్లు కూర్చున్న మనిషి చెవి ఎత్తుకు దగ్గరగా ఉంటాయన్న లెక్కతోనే సినిమా ధ్వనిని మిక్స్ చేస్తారు. సంభాషణల్లో అధిక భాగం మధ్యలో ఉండే సెంటర్ స్పీకర్ నుంచే వస్తుంది. దాన్ని సీలింగ్‌లో పెడితే తెరమీద నటుడి పెదవులు ఒకచోట కదులుతుంటాయి, మాటలు మన నెత్తిమీద నుంచి వినిపిస్తుంటాయి. 2012లో థియేటర్లకు, 2014లో ఇళ్లకు వచ్చిన డాల్బీ అట్మాస్ అనే ధ్వని పద్ధతి పై నుంచి వచ్చే ధ్వనుల కోసం ఒక ప్రత్యేక వరుసను చేర్చింది. వాన, హెలికాప్టర్, ఆలయ గంట లాంటివి పై నుంచి వస్తున్నట్టు అనిపించాలంటే, కింద నుంచి వచ్చే ధ్వని నిజంగా కిందనే ఉండాలి. ఐదూ పైనే ఉన్నప్పుడు ఆ తేడా పూర్తిగా చెరిగిపోతుంది, ఖర్చు మాత్రం మిగులుతుంది.

మీ గదికి సరిపోయే అమరిక 5.1.2. ఇందులో 5 అంటే చెవి ఎత్తులో ఉండే స్పీకర్లు, 1 అంటే బేస్ ధ్వనులకు ప్రత్యేకించిన సబ్‌వూఫర్, చివరి 2 అంటే సీలింగ్ స్పీకర్లు. ముందు వైపు ఎడమ, కుడి స్పీకర్లను టీవీకి రెండు పక్కలా, గది మూలలకు అంటకుండా వీలైనంత ఎడంగా పెట్టి, సెంటర్ స్పీకర్‌ను టీవీ కింద, ముఖం కాస్త మీ వైపుకు ఎత్తి ఉంచండి. సోఫా వెనుక ఖాళీ లేదు కాబట్టి సరౌండ్ స్పీకర్లను పక్క గోడలకు, మీరు కూర్చునే చోటికి తిన్నగా, చెవికన్నా ఒక అడుగు పైన బిగించండి. సోఫాను గోడ నుంచి ఒక్క అడుగు ముందుకు జరపగలిగితే బేస్ బరువు తగ్గి, మాటలు కూడా స్పష్టపడతాయి. ఇంట్లోవాళ్లను ఒప్పించగలిగితే అంతకన్నా చవకైన అప్‌గ్రేడ్ మరొకటి లేదు.

ఇక సీలింగ్ స్పీకర్లు ఎక్కడ పెట్టాలో కొలిచి తేల్చుకోవచ్చు. సోఫాలో కూర్చున్నవారి చెవి నేలనుంచి సుమారు మూడుంపావు అడుగుల ఎత్తులో ఉంటుంది కాబట్టి, దానికీ సీలింగ్‌కూ మధ్య మీకు 5.75 అడుగులు మిగులుతుంది. రెండు సీలింగ్ స్పీకర్లే ఉన్నప్పుడు, ముందు వైపు నుంచి కొలిస్తే అవి 65 నుంచి 100 డిగ్రీల మధ్య ఉండాలని డాల్బీ సూచిస్తుంది. నెత్తికి తిన్నగా పైన ఉంటే 90 డిగ్రీలు. మీ ఎత్తుకు ఈ లెక్క ప్రకారం, తలకు దాదాపు 2.7 అడుగులు ముందు నుంచి ఒక అడుగు వెనుక వరకు ఎక్కడ పెట్టినా పరవాలేదు. మీకు ఒకటి రెండు అడుగులు ముందుకు పెట్టడం మేలు. రెంటి మధ్య ఎడం ఏడెనిమిది అడుగులు ఉండేలా, ముందు వైపు ఎడమ, కుడి స్పీకర్లకు దాదాపు తిన్నగా వచ్చేలా చూసుకోండి.

నాలుగు సీలింగ్ స్పీకర్లు పెట్టమని ఎవరైనా చెబితే అదే లెక్క వేసి చూడండి. వెనుక జత 125 నుంచి 150 డిగ్రీల మధ్యకు రావాలి. అంటే మీ ఎత్తుకు తలకు కనీసం నాలుగు అడుగులు వెనుక ఉండాలి. సోఫా వెనుక గోడ ఉన్న హాల్లో అది సాధ్యం కాదు. సోఫా గది మధ్యలో ఉండే హోమ్ థియేటర్ గదుల్లోనే ఆ ఖర్చుకు అర్థం ఉంటుంది.

విదేశీ గైడ్లలో సాధారణంగా కనిపించనిది, మన ఇళ్లలో తప్పనిసరిగా ఉండేది సీలింగ్ ఫ్యాన్. మామూలు ఫ్యాన్ రెక్కలు తిరిగే వలయం వ్యాసం 1200 మిల్లీమీటర్లు, అంటే మధ్య నుంచి అంచుకు రెండడుగులు. రెక్కలు స్పీకర్‌కూ చెవికీ మధ్య తిరుగుతుంటే ధ్వని తెగి తెగి వణుకుతున్నట్టు వినిపిస్తుంది. గది మధ్యలో ఫ్యాన్, గోడ పక్కన సోఫా ఉన్న మీ అమరికలో ఈ ఇబ్బంది రాదు. సోఫాకు పైన మరో ఫ్యాన్ పెట్టించే ఆలోచన ఉంటే మాత్రం, ఫాల్స్ సీలింగ్ పనివాళ్లు రంధ్రాలు కోయకముందే స్పీకర్, ఫ్యాన్, లైట్ల స్థానాలను ఒకే కాగితం మీద గీయించండి. ఏసీ గాలి వచ్చే డక్ట్ పక్కన కూడా స్పీకర్ పెట్టించకండి.

విజయవాడ పాఠకురాలి ప్రశ్న: ఎలక్ట్రీషియన్ ఇంటి వైరింగ్‌లో మిగిలిన వైరునే స్పీకర్లకు వాడతానంటున్నారు. పైపు కూడా కరెంటు వైర్లు వెళ్లే పైపే చాలంటున్నారు.

వైరు విషయంలో ఆయన మాట కొంతవరకు నిజం, పైపు విషయంలో మాత్రం అస్సలు ఒప్పుకోవద్దు. స్పీకర్ వైరుకు ముఖ్యం రాగి మందం. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకు కిలోమీటరుకు దాదాపు 12 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. రిసీవర్ (టీవీ ధ్వనిని తీసుకుని స్పీకర్లన్నిటినీ నడిపే పెట్టె) నుంచి స్పీకర్‌కు 15 మీటర్ల దూరం అనుకుంటే, వెళ్లి రావడానికి 30 మీటర్లు, అంటే 0.36 ఓమ్. 8 ఓమ్‌ల స్పీకర్‌కు నిరోధం 5 శాతం, అంటే 0.4 ఓమ్ మించకుండా చూసుకోవడం ఆనవాయితీ, కాబట్టి ఇది సరిపోతుంది. దూరం అంతకన్నా ఎక్కువైనా, స్పీకర్ 4 ఓమ్‌లదైనా 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేయించండి. అయితే ఒకే రంగు వైర్లు రెండు లాగితే తరవాత ప్లస్, మైనస్ తెలియక తలనొప్పి అవుతుంది. అందుకే రెండు రంగులు జంటగా ఉండే స్పీకర్ వైరే కొనడం మంచిది. మార్కెట్లో చవగ్గా దొరికే వైర్లలో చాలావాటిలో లోపల అల్యూమినియం, పైన రాగి పూత ఉంటుంది. కొనేముందు చివరను కత్తితో గీకి చూడండి, లోపల తెల్లగా మెరిస్తే వదిలేయండి. వేలకు వేలు పలికే ప్రత్యేక వైర్ల జోలికి వెళ్లాల్సిన పని కూడా లేదు.

కరెంటు వైర్లున్న పైపులోకి స్పీకర్ వైరును ఎట్టి పరిస్థితుల్లోనూ పంపకూడదు. ఇన్సులేషన్ ఎక్కడైనా దెబ్బతింటే 230 వోల్టులు నేరుగా రిసీవర్‌లోకి, అక్కడి నుంచి దాన్ని తాకిన మనిషిలోకి వస్తాయి. విడిగా పైపు వేయించి, కరెంటు పైపుకు కనీసం ఒక అడుగు ఎడం ఉంచండి. రెండూ దాటాల్సిన చోట అడ్డంగా, కూడలిలా దాటించండి. స్పీకర్ దగ్గర రెండడుగుల వైరు అదనంగా చుట్టి వదలమనండి.

సాధారణంగా జిప్సం బోర్డు మందం 12.5 మిల్లీమీటర్లే. స్పీకర్‌కు ఉండే క్లిప్పులు బోర్డును పట్టుకుంటాయి, కానీ మూడు నాలుగు కిలోల బరువును ఏళ్ల తరబడి బోర్డు ఒక్కదాని మీద వదిలేయడం నాకు నచ్చదు. చుట్టూ అదనపు జీఐ ఛానల్ (బోర్డును మోసే ఇనుప పట్టీ) వేయించి, స్లాబ్‌కు బిగించిన హుక్ నుంచి ఒక సన్నని ఉక్కు తీగను స్పీకర్‌కు కట్టించండి. స్పీకర్ లోతు కొలిచి, ఫాల్స్ సీలింగ్‌కూ స్లాబ్‌కూ మధ్య అంత ఖాళీ ఉందో లేదో ముందే చూసుకోండి. స్పీకర్ కోసం స్లాబ్‌ను తొలిచే ప్రయత్నం మాత్రం వద్దు, అందులో ఉన్న కమ్మీలు మీ ఒక్కరివే కావు, పై ఇంటివాళ్లవి కూడా. స్పీకర్ వెనుక పెట్టె ఉన్న రకం దొరికితే దుమ్ము, బల్లుల బెడద తగ్గుతుంది, ధ్వని పై అంతస్తుకు వెళ్లడమూ తగ్గుతుంది. బోర్డు మూసేముందు టేపు పట్టి, కొలతలు కనిపించేలా ఫోన్‌తో ఫొటోలు తీసి దాచుకోండి.

వరంగల్ పాఠకుడి ప్రశ్న: దుకాణం సర్దుబాటులో మిగిలిన సీలింగ్ స్పీకర్లు నాలుగు ఉన్నాయి. వెనుక 3 వాట్లు, 6 వాట్లు, 100 వోల్ట్ అని రాసి ఉంది. ఇంటి రిసీవర్‌కు కలపవచ్చా?

కలపకండి. అవి ప్రకటనల కోసం, దుకాణాల్లో సన్నగా పాటలు వేయడం కోసం చేసినవి. పొడవైన ఒకే వైరుకు చాలా స్పీకర్లు కలపడానికి వీలుగా వాటిలో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. ఇంటి రిసీవర్‌కు కలిపితే ధ్వని నీరసంగా వస్తుంది. కొన్నింటికి 8 ఓమ్‌లకు మార్చే స్విచ్ ఉంటుంది కానీ, సినిమాకు కావలసిన గట్టితనం వాటికి ఉండదు.

విశాఖపట్నం పాఠకుడి ప్రశ్న: అద్దె ఇల్లు, సీలింగ్ కోసే వీలు లేదు. ధ్వనిని పైకి కొట్టే స్పీకర్లు పనిచేస్తాయా?

పనిచేస్తాయి, సీలింగ్ చదునుగా, గట్టిగా ఉంటేనే. ఇవి పైకి పంపిన ధ్వని కప్పుకు తగిలి మన మీద పడాలి కాబట్టి, ఏడున్నర నుంచి 12 అడుగుల ఎత్తున్న మామూలు స్లాబ్ చక్కగా సరిపోతుంది. మెట్లు మెట్లుగా దిగే పీఓపీ డిజైన్లు, ఏటవాలు పెంకు కప్పులు, రేకులు ఉన్నచోట ధ్వని ఎటో చెదిరిపోతుంది. అసలు సీలింగ్ స్పీకర్ ఇచ్చే కచ్చితత్వం ఇందులో రాదు. అయినా అద్దె ఇంటికి ఇదే సరైన ఎంపిక, ఇల్లు మారితే వెంట తీసుకెళ్లవచ్చు.

కరీంనగర్ పాఠకుడి ప్రశ్న: అన్నీ బిగించాం. కింది స్పీకర్లు బాగా మోగుతున్నాయి, సీలింగ్‌లోని రెండూ నోరు మెదపవు.

ముందు రిసీవర్ సెట్టింగ్స్‌లో స్పీకర్ల అమరికను చూడండి. చాలా రిసీవర్లు ఆ రెండు చానళ్లను మొదట 7.1 అమరికలో (చెవి ఎత్తులో ఏడు స్పీకర్లు) ఉండే వెనుక స్పీకర్లుగా భావిస్తాయి, వాటిని టాప్ మిడిల్ అని మార్చాలి. అదే మెనూలో టెస్ట్ టోన్ వేసినప్పుడు పై నుంచి శబ్దం వస్తే వైర్లు బాగున్నట్టే, లోపం సిగ్నల్‌లో ఉంది.

టీవీ నుంచి రిసీవర్‌కు ఆప్టికల్ వైరు వాడుతుంటే దాన్ని పక్కన పెట్టండి, అది పాత 5.1ను మించి మోయలేదు. టీవీలో ఆర్క్ లేదా ఈఆర్క్ అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ రంధ్రాన్ని వాడండి. ఓటీటీలు పంపే అట్మాస్ డాల్బీ డిజిటల్ ప్లస్ రూపంలో ఉంటుంది, దానికి మామూలు ఆర్క్ చాలు. బ్లూరేలో ఉండే ట్రూహెచ్‌డీ రకానికి ఈఆర్క్ కావాలి, లేదంటే ప్లేయర్‌ను నేరుగా రిసీవర్‌కు కలపాలి. టీవీ ఆడియో సెట్టింగ్‌ను పీసీఎం (టీవీయే ధ్వనిని విప్పి పంపడం) నుంచి పాస్‌త్రూకు (వచ్చిన సిగ్నల్‌ను ఉన్నదున్నట్టు పంపడం) మార్చడం చాలామంది మరచిపోతారు. నెట్‌ఫ్లిక్స్‌లో అట్మాస్‌కు ప్రీమియం ప్లాన్ ఉండాలి. ఒకే సినిమాకు ఒక భాషలో అట్మాస్, మరో భాషలో 5.1 మాత్రమే ఉండటం కూడా సాధారణమే, కాబట్టి తెలుగు ఆడియో ఎంచుకున్నాక రిసీవర్ తెర మీద ఏ పేరు పడుతోందో గమనించండి. పాత సినిమాలకు, సెట్‌టాప్ బాక్స్ చానళ్లకు పై స్పీకర్లు మోగాలంటే రిసీవర్‌లో డాల్బీ సరౌండ్ మోడ్ పెట్టాలి. పాటలకు నేనైతే దాన్ని తీసేసి మామూలు స్టీరియోలోనే వింటాను.

చివరగా రిసీవర్‌తో వచ్చే మైక్‌ను సోఫాలో చెవి ఎత్తులో స్టాండు మీద నిలిపి, ఫ్యాన్, ఏసీ ఆపి కాలిబ్రేషన్ (గదికి తగ్గట్టు రిసీవర్ ధ్వనిని సర్దుకోవడం) చేయించండి. తరవాత క్రాసోవర్ విలువలు, అంటే ఎంత తక్కువ ధ్వనులనుంచి సబ్‌వూఫర్‌కు వదిలేయాలో చెప్పే అంకెలు, చూడండి. కింది స్పీకర్లకు 80 హెర్ట్జ్ సాధారణం, చిన్న సీలింగ్ స్పీకర్లకు 100 లేదా 120 పెడితే అవి అదిరిపోకుండా ఉంటాయి. టైల్స్ నేల, ఖాళీ గోడలు ఉన్న హాల్లో చప్పట్లు కొడితే గణగణ మోగుతుంది. ఆ గదిలో ఏ కాలిబ్రేషనూ మాటలను పూర్తిగా శుభ్రం చేయలేదు. టీవీకీ సోఫాకూ మధ్య ఒక మందపాటి కార్పెట్, కిటికీలకు బరువైన కర్టెన్లు వేయండి.

నెల్లూరు పాఠకుడి ప్రశ్న: రిసీవర్ ఆన్ చేయగానే అన్ని స్పీకర్లలో సన్నగా గుయ్యిమని హమ్ వస్తోంది. ఇన్వర్టర్ కూడా ఉంది.

మొదట సెట్‌టాప్ బాక్స్‌కు వచ్చే కేబుల్ టీవీ వైరు విప్పి చూడండి. హమ్ ఆగిపోతే కారణం ఎర్త్ లూప్ (రెండు దారుల్లో ఎర్త్ కలిసి ఏర్పడే వలయం), ఆ వైరుకు ఐసోలేటర్ పెడితే తగ్గుతుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు మాత్రమే హమ్ వస్తే మీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయి ఉంటుంది, రిసీవర్‌ను ఆ లైన్ నుంచి తప్పించండి. టీవీ, సెట్‌టాప్ బాక్స్, రిసీవర్, సబ్‌వూఫర్ అన్నిటికీ ఒకే గోడ పాయింట్ నుంచి కరెంటు అందేలా చూడండి. ప్లగ్ మూడో పిన్నును విరిచేస్తే హమ్ పోతుందని కొందరు చెబుతారు, అది ప్రాణాల మీదకు తెచ్చే సలహా, దాన్ని వినకండి.