మూడో తరగతి పిల్లలకు ఇంగ్లీషులో హాస్య కథ చెబితే ఒక్కరూ నవ్వడం లేదు. ఎలా చెప్పాలి?

గుంటూరులో మూడో తరగతికి ఇంగ్లీషు చెబుతున్నానని, తెనాలి రామకృష్ణుడి కథ ఒకటి ఇంగ్లీషులో చదివి ఒక్కో వాక్యానికి తెలుగు అర్థం చెప్పినా పిల్లలు గుడ్లప్పగించి చూశారని రాశారు. ఏ కథ ఎంచుకోవాలి, ఎన్ని రోజులు చెప్పాలి, మధ్యలో తెలుగు మాట్లాడొచ్చా అని అడిగారు. నేను విజయవాడలో సింగ్ నగర్ వైపు ఒక మునిసిపల్ ప్రాథమిక పాఠశాలలో 14 ఏళ్లుగా చెబుతున్నాను. మొదటి రెండేళ్లు నాకూ అచ్చం ఇలాగే జరిగింది.

అప్పుడు నేను కథను ఇంగ్లీషులో ఒక వాక్యం చదివేదాన్ని, ఆగి తెలుగులో చెప్పేదాన్ని, మళ్ళీ ఇంగ్లీషు. వారం తిరిగేసరికి పిల్లలు ఒక సంగతి కనిపెట్టేశారు: ఇంగ్లీషు వాక్యం వినకపోయినా నష్టం లేదు, వెనకాలే తెలుగు వస్తుంది. ఇంగ్లీషు వచ్చినంతసేపూ పెన్సిళ్లు చెక్కుకుంటూ, తెలుగు మొదలవగానే తలెత్తేవాళ్లు. ఇప్పుడు లెక్కలు, ఈవీఎస్ (పరిసరాల విజ్ఞానం) పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉంటున్నాయి కదా, అక్కడా పిల్లల కళ్లు తెలుగు పేజీ మీదే ఉంటాయి. అది వాళ్ల తప్పు కాదు. హాస్య కథకు మాత్రం ఈ పద్ధతి అసలు పనికిరాదు. నవ్వు రావలసిన చోట ఆగి అర్థం చెబితే ఆ నవ్వు మళ్ళీ రాదు.

అందుకని ఇప్పుడు తెలుగునూ ఇంగ్లీషునూ వేర్వేరు రోజులకు పెట్టాను. శుక్రవారం ఆఖరి పీరియడులో కథంతా తెలుగులో చెబుతాను. మా అమ్మమ్మ చెప్పినట్టే, తొందర లేకుండా, గొంతులు మార్చి చెబుతాను. ఆ రోజు ఒక్క ఇంగ్లీషు మాట ఉండదు. పిల్లలు కడుపారా నవ్వి ఇంటికి వెళ్తారు. సోమవారం అదే కథ ఇంగ్లీషులో మొదలవుతుంది, ఆ రోజు ఒక్క తెలుగు మాట ఉండదు. తర్వాత ఏం జరుగుతుందో వాళ్లకు ముందే తెలుసు కాబట్టి అర్థం కాలేదన్న టెన్షన్ ఉండదు, చెవి మాటల మీద ఉంటుంది. తెలిసిన నవ్వు కోసం పిల్లలు ఎదురు చూస్తారు. అది ఇంగ్లీషు మాట మీద వచ్చి వాలితే ఆ మాట వాళ్లకు ఉండిపోతుంది.

ఇక ఏ కథ అన్నది. తెనాలి మీకు పక్కనే కాబట్టి ఆ కథలు చెప్పాలనిపించడం సహజం. కానీ వాటిలో చాలావాటికి నవ్వు మాటలోనే ఉంటుంది. తిలకాష్ఠ మహిషబంధనం కథే చూడండి. నువ్వుల కట్టెలను గేదెను కట్టే పలుపుతో కట్టి, ఆ కట్టకు సంస్కృతంలో గంభీరమైన పేరు పెట్టి పండితుణ్ని హడలగొట్టడమే అందులో తమాషా. ఆ పేరు తీసేస్తే మిగిలేది కట్టెల మోపు. ఇంగ్లీషులోకి వెళ్లాలంటే నవ్వు మనిషి చేసే పనిలో ఉండాలి. నేను మూడో తరగతికి ఎప్పుడూ చెప్పేది కుడుము మరిచిపోయిన అల్లుడి కథ.

మీకు తెలిసే ఉంటుంది, అయినా ఒకసారి చెబుతాను. కొత్త అల్లుడు అత్తవారింటికి వెళ్తాడు. అత్తగారు కుడుములు పెడుతుంది. అంతకుముందు ఎప్పుడూ తినలేదేమో, ప్రాణం లేచొస్తుంది. పేరు అడిగి తెలుసుకుని, ఇంటికెళ్లి పెళ్లాం చేత చేయించుకోవాలని, మరిచిపోకుండా "కుడుము, కుడుము" అనుకుంటూ నడుస్తాడు. దారిలో పంట బోదె, అంటే పొలాలకు నీళ్లు పారే చిన్న కాలువ, అడ్డం వస్తుంది. "హుప్ప!" అని దూకుతాడు. అవతలి గట్టు మీద పడేసరికి కుడుము పోయి హుప్ప మిగులుతుంది. ఇంటికి వెళ్లి "హుప్ప చెయ్యి" అంటాడు. హుప్ప అంటే ఏమిటో ఆవిడకు ఎలా తెలుస్తుంది?

ఈ కథ మన ఒక్కళ్లదే కాదు. ఫిన్లండుకు చెందిన ఆంటీ ఆర్నే 1910లో జానపద కథలకు ఒక పట్టిక వేశాడు, అమెరికాలో స్టిత్ థాంప్సన్ దాన్ని పెంచాడు. అందులో 1687 నంబరు కథ ఇదే, పేరు "మరిచిపోయిన మాట". యూరప్‌లోనూ, మన దేశంలో చాలా భాషల్లోనూ చెప్పుకుంటారు. ఇన్ని భాషలు దాటిన కథ మన క్లాసులో ఇంగ్లీషులోకి దాటడానికి ఇబ్బంది పడదు. పైగా ఒక మాటను మరిచిపోకూడదని అవస్థ పడే మనిషి కథ ఇది. కొత్త భాష నేర్చుకునే పిల్లలకు అంతకన్నా దగ్గరి మనిషి దొరకడు.

ఇంగ్లీషులో నేను నాలుగు వాక్యాలే తీసుకుంటాను. "ఐ మస్ట్ నాట్ ఫర్గెట్." "హి జంప్డ్." "ప్లీజ్ మేక్ హుప్ప." "వాట్ ఈజ్ హుప్ప?" మిగతాదంతా నా చేతులు, ముఖం, బోర్డు మీద బొమ్మలు. కుడుమును ఇంగ్లీషులోకి మార్చను. డంప్లింగ్ అంటే మా పిల్లలకు నోరూరదు. ఇడ్లీని ఇడ్లీ అన్నట్టే కుడుమును కుడుము అనే అంటాం.

అల్లుడు ఉయ్యూరు నుంచి విజయవాడ నడిచి వస్తాడు. "హి కేమ్ టు కంకిపాడు" అనగానే పిల్లలు "కుడుము, కుడుము" అనాలి. తర్వాత పెనమలూరు, పోరంకి, కానూరు, పటమట. అవన్నీ వాళ్లకు బస్సు స్టాపులుగా తెలుసు, నాకంటే ముందు వాళ్లే చెప్పేస్తారు. మీరు తెనాలి నుంచి గుంటూరు నడిపించండి, దారిలో ఊళ్ల పేర్లు పిల్లలనే అడగండి.

దూకే చోటు గురించి ఒక సంగతి చెప్పాలి. మొదట్లో నేను అతన్ని బుడమేరు వాగు దూకించేదాన్ని, మా పిల్లల ఇళ్లకు దగ్గరగా ఉన్న నీళ్లు అవే కాబట్టి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. మా పిల్లల్లో చాలామంది మేడల మీద కూర్చుని పడవల కోసం ఎదురు చూసినవాళ్లే. ఆ తర్వాత బుడమేరు పేరు ఆ కథలో ఎత్తలేదు. పొలం మధ్య చిన్న పంట బోదె చాలు. హాస్య కథ చెప్పేముందు మన పిల్లల్లో ఎవరికి ఎక్కడ నొప్పి ఉందో ఒక్క నిమిషం ఆలోచించుకోవడం మంచిది.

ఆ కారణంతోనే ముగింపు కూడా మార్చాను. మా అమ్మమ్మ చెప్పిన కథలో అల్లుడికి కోపం వచ్చి పెళ్లాన్ని కొడతాడు. పక్కింటావిడ చూసి "అయ్యో, కుడుమంత బొప్పి కట్టిందే!" అంటే, "అదే, అదే, కుడుము!" అని గంతులేస్తాడు. కొన్ని ఇళ్లలో అది నవ్వుకునే విషయం కాదు. నా కథలో అల్లుడు కోపంగా విసురుగా లోపలికి వెళ్తూ గుమ్మానికి తల కొట్టుకుంటాడు. బొప్పి అతని నుదుటి మీదే కడుతుంది, కుడుము మాట భార్య నోటి నుంచి వస్తుంది. నవ్వు ఏమీ తగ్గలేదు, ఎక్కువే అయింది.

అసలు చదువంతా జరిగేది హుప్ప అంటే ఏమిటని భార్య అడిగే చోట. అక్కడ నేను రెండు రోజులు ఉంటాను. ఒక పిల్లవాడు అల్లుడు, క్లాసంతా భార్య. "ఈజ్ ఇట్ హాట్?" "ఈజ్ ఇట్ రౌండ్?" "ఈజ్ ఇట్ స్వీట్?" అతను "యెస్", "నో" మాత్రమే అనాలి, ప్రతిసారీ చివర "హుప్ప!" అని ఏడుపు ముఖం పెట్టాలి. పుస్తకంలో విశేషణాల పాఠం ఎన్నిసార్లు చెప్పినా నోరు విప్పని పిల్లలు ఇక్కడ చేతులెత్తి పోటీ పడతారు. మాటలు చాలక "టీచర్, మెత్తగా ఉంటుందా అని ఎలా అడగాలి?" అని వాళ్లే వస్తారు. అప్పుడు "సాఫ్ట్" అన్న మాట ఇస్తాను. అడిగి తీసుకున్న మాట మరిచిపోరు.

ఒకసారి ఇంట్లో ఉర్దూ మాట్లాడే పాప ఒకతి కుడుము ఎప్పుడూ తినలేదని చెప్పింది. మీ ఇంట్లో పండక్కి ఏం చేస్తారని అడిగితే "షీర్ ఖుర్మా" అంది. ఆ రోజు అల్లుడు షీర్ ఖుర్మా మరిచిపోయాడు. అంతవరకూ వెనక బెంచీలో కూర్చునే ఆ పాప ముందుకొచ్చి, "నో, ఇట్ ఈజ్ నాట్ రౌండ్! ఇట్ ఈజ్ మిల్క్!" అని అందరికీ జవాబు చెప్పింది. అప్పటి నుంచి మూడో రోజు ప్రతి పిల్లా తన ఇంటి వంటకాన్నే పెట్టుకోవాలి అన్నాను. బొబ్బట్టు, జున్ను, పూతరేకు, ఒకడైతే నూడుల్స్.

తప్పులు దిద్దడం గురించి: కథ నడుస్తున్నప్పుడు దిద్దను. "హి జంపు" అన్నా వదిలేసి, నా వంతులో "హి జంప్డ్" అని గట్టిగా అంటాను. నాలుగైదు సార్లు విన్నాక చాలామంది వాళ్లంతట వాళ్లే మార్చుకుంటారు. కానీ ఒక తప్పు మాత్రం కూర్చుని మాట్లాడవలసినది. అత్తగారి గురించి పిల్లలు "దే గేవ్ కుడుము" అంటారు. తెలుగులో "అత్తగారు పెట్టారు" అంటాం కదా, ఆ మర్యాదను ఇంగ్లీషులోకి తెచ్చుకుంటున్నారు. ఒక పిల్లవాడు "అత్తగారిని షి అంటే తప్పు కాదా టీచర్?" అని నిజంగా బాధపడి అడిగాడు. వాణ్ని మెచ్చుకున్నాను. ఇంగ్లీషులో పెద్దావిడకైనా పాపకైనా ఒకటే మాట, అందులో అగౌరవం లేదని చెప్పాను. ఈ ఒక్క చోట కథ ఆపి తెలుగులో చెప్పడం అవసరమే అనుకుంటున్నాను.

ట్రైనింగుల్లో టీపీఆర్ (టోటల్ ఫిజికల్ రెస్పాన్స్) అని చెప్పేది మీరు వినే ఉంటారు. 1960లలో జేమ్స్ ఆషర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త చెప్పిన పద్ధతి, మాట వింటూనే ఒంటితో ఆ పని చేయించడం. బోదె దూకడం సరిగ్గా అదే. గచ్చు మీద సుద్దతో రెండు గీతలు గీసి, ఒక్కొక్కరూ "కుడుము, కుడుము" అంటూ వచ్చి "హుప్ప!" అని దూకి, అవతల నిలబడి "ఐ ఫర్గాట్!" అనాలి. 38 మందీ దూకడానికి పావుగంట పట్టింది. పక్క క్లాసు టీచరుకు ముందే చెప్పి ఉంచండి, గోల బాగా ఉంటుంది.

మొత్తం నాలుగు రోజులు, రోజుకు 25 నిమిషాలు. శుక్రవారం తెలుగు, సోమవారం ఇంగ్లీషు కథ, బోదె దూకడం, మంగళ బుధవారాలు ప్రశ్నలు. నోటుబుక్కులో ఏదైనా కనిపించాలని పైవాళ్లు అడిగితే, బుధవారం నాలుగు గడుల బొమ్మలు వేయించి ఒక్కో దాని కింద ఒక్కో వాక్యం రాయించండి. ఒకటీ రెండూ తరగతులైతే ఈ కథ కాదు, ఏడు చేపల కథ తీసుకోండి. "చేపా, చేపా, ఎందుకు ఎండలేదు?" అన్న ప్రశ్న గడ్డి మోపు నుంచి చీమ దాకా అదే వరసలో తిరుగుతుంది, "వై" అన్న ఒక్క మాటతో కథంతా నడుస్తుంది.

దూకించే రోజు చెప్పులు, సాక్సులు విప్పించండి, నున్నటి గచ్చు మీద సాక్సులతో జారతారు. సుద్దను నీళ్లలో తడిపి గీయండి, లేకపోతే పదో పిల్ల దూకేసరికి బోదె చెరిగిపోతుంది.