జిమ్నీలో వంటగది అమర్చుకునే ముందు: మేనకోడలికి ఒక లేఖ

చిరంజీవి సౌభాగ్యవతి శ్రావణికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన జాబితా అందింది. మీ మారుతి జిమ్నీ పైకప్పు మీద క్యారియర్, దాని మీద విప్పుకునే టెంటు, డిక్కీలో రెండు సొరుగులు, 12 వోల్టుల ఫ్రిజ్, వెనక తలుపుకు బిగించే మడత బల్ల, 20 లీటర్ల నీళ్ల క్యాను, గ్యాస్ పొయ్యి, అదనపు పెట్రోలు డబ్బా రాసి, అన్నీ ఒకేసారి కొనేద్దామా, ఏవైనా తగ్గించాలా అని అడిగావు. సెప్టెంబరులో నువ్వూ మీ ఆయనా హైదరాబాదు నుంచి నాగపూర్, సిమ్లా, కిన్నౌర్ మీదుగా హిమాచల్ కొండల్లోని స్పితికి వెళుతున్నారు కాబట్టి ఆ ప్రయాణాన్నే దృష్టిలో పెట్టుకుని జవాబు రాస్తున్నాను. వీటిలో సగం నీకు అక్కర్లేదని ముందే చెప్పేస్తే, మిగతా ఉత్తరం చదివేటప్పుడు నా మీద కోపం కొంత తగ్గుతుంది.

దుకాణంలో సామాను చూసేటప్పుడు అందరూ అది బండిలో పడుతుందా లేదా అనే ఆలోచిస్తారు గాని, బండి దాన్ని మోయగలదా అని ఆలోచించేవాళ్లు తక్కువ. అయిదు డోర్ల జిమ్నీ ఖాళీ బరువు సుమారు 1200 కిలోలు. మనుషులు, సామాను అన్నీ కలుపుకుని దానికి అనుమతించిన గరిష్ఠ బరువు 1545 కిలోలు. అంటే మీకు మిగిలేది 340 కిలోలకు కాస్త అటూ ఇటూ. మీ ఇద్దరినీ కలిపి 140 అనుకుంటే సామానుకు ఉన్నది 200 మాత్రమే. ఇప్పుడు నీ జాబితాను కూడి చూడు. క్యారియర్, పైకప్పు టెంటు కలిసి 70 కిలోలకు తగ్గవు. ప్లైవుడ్ సొరుగులు రెండూ, అవి జారే ఇనుప ఛానళ్లతో సహా 50, ఫ్రిజ్ అందులోని పదార్థాలతో 25, నీళ్లు 20, సిలిండరు, పొయ్యి, గిన్నెలు కలిసి 20, పెట్రోలు డబ్బా 17. మొత్తం 202 అయింది. ఇంకా బట్టలు, దుప్పట్లు, పనిముట్లు, బియ్యం, పప్పు లోపలికి రానే లేదు. హద్దు దాటిన బండికి వెనక స్ప్రింగులు కుంగిపోతాయి, బ్రేకు వేసినప్పుడు ఆగే దూరం పెరుగుతుంది, రాత్రిపూట హెడ్‌లైటు వెలుగు ఎదుటివాడి కళ్లలో పడుతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఈ మూడూ ఒకేసారి తెలిసొస్తాయి.

కాబట్టి మొదట పైకప్పు మీది టెంటు మానుకో. జిమ్నీ వెడల్పు తక్కువ, ఎత్తు ఎక్కువ. అలాంటి బండికి నడినెత్తిన 70 కిలోలు పెడితే పక్కవాటు వాలులో ఒరిగే గుణం పెరుగుతుంది. పైగా కంపెనీ వాళ్లిచ్చిన పుస్తకంలో పైకప్పుకు ఎంత బరువు అనుమతించారో చదివితే నీకే ఉత్సాహం తగ్గుతుంది. నేల మీద వేసుకునే ఇద్దరి టెంటు అయిదారు కిలోలకు మించదు. స్పితిలో లాంగ్జా, కిబ్బర్ వంటి ఊళ్లలో ఇళ్లలోనే బస దొరుకుతుంది కూడా. పెట్రోలు డబ్బా కూడా వద్దు. కిన్నౌర్‌లో పోవారి దగ్గర బంకు ఉంది, ఆ తరువాత స్పితిలోని కాజాలో ఉంది, ఈ రెండింటి మధ్య దూరం సుమారు 200 కిలోమీటర్లు. మీ ట్యాంకులో పట్టేది 40 లీటర్లు. రెండు చోట్లా పూర్తిగా నింపుకుంటే చాలు, పెట్రోలు వాసన పీలుస్తూ దుప్పట్ల పక్కన డబ్బా పెట్టుకుని తిరగవలసిన పని లేదు. ఫ్రిజ్ సంగతి కూడా అంతే. నాగపూర్ ఎండల్లో ఉన్నంతవరకు దారి పొడుగునా ధాబాలున్నాయి, పైకి వెళ్లాక గాలే ఫ్రిజ్. మన వైపు వేసవి ప్రయాణాల కోసం ఎప్పుడైనా కొంటే మాత్రం కంప్రెసర్ ఉన్నదే కొను. కంప్రెసర్ లేని చౌక రకాలు బయటి వేడి కంటే ఇరవై డిగ్రీల వరకే తగ్గించగలవు, అంటే కర్నూలు మే నెలలో పెరుగు పులిసే వేడి లోపల అలాగే ఉంటుంది.

ఇక సొరుగులు. సీట్లు నిలబెట్టి ఉంచితే జిమ్నీ డిక్కీ 208 లీటర్లు, వెనక సీట్లు మడిస్తే 332 లీటర్లు. మీరు ఇద్దరే కాబట్టి మడిచే ఉంచండి గాని, ఎవరో చెప్పారని సీట్లు ఊడదీయించవద్దు. ఆర్.సి.లో నాలుగు సీట్లని రాసి ఉన్న బండిలో రెండే ఉంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద అది అనుమతి లేని మార్పు అవుతుంది, ప్రమాదం జరిగితే బీమా వాళ్లు మొట్టమొదట పట్టుకునేదీ దాన్నే. వడ్రంగులు అలవాటు కొద్దీ 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వాడదామంటారు. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న ఆ షీటు ఒక్కటే 35 కిలోలకు పైబడి తూగుతుంది. 12 మిల్లీమీటర్లది, ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై అడుగు; నీళ్లు ఒలికినా పొరలు విడిపోవు. రెండు సొరుగులకు బదులు ఒకటే చేయించి, పక్కనున్న జాగాను ఖాళీగా వదిలితే అందులో ఎత్తైన పెట్టె పడుతుంది. బాలానగర్‌లో చేయించినా ఇంటి దగ్గర చేయించినా, ఛానళ్లు మాత్రం నువ్వే రాణిగంజ్ వెళ్లి చూసి తీసుకో. లోపలికి తోసినప్పుడూ, పూర్తిగా బయటికి లాగినప్పుడూ రెండు చోట్లా తాళం పడే రకమే కావాలి. బండి ముందు భాగం ఎత్తు మీద ఉండేలా ఆపి నువ్వు వెనక తలుపు తీసినప్పుడు, తాళం పడని సొరుగు గిన్నెలతో సహా జారి వచ్చి మోకాలి చిప్పకు తగులుతుంది.

దాన్ని బండికి బిగించడానికి నేలకు కొత్త రంధ్రాలు వేయనివ్వకు. కింద పెట్రోలు ట్యాంకు, బ్రేకు గొట్టాలు, వైర్లు ఉంటాయి. కంపెనీ వాళ్లే ఇచ్చిన బోల్టు స్థానాలకూ కొక్కేలకూ బిగించమను. నట్లు లోపల నైలాన్ వలయం ఉన్నవి అయితే అదురుకు వదులు కావు, అయినా నాగపూర్ చేరగానే ఒకసారి పానా పెట్టి చూడండి. సొరుగు బయట ఉండే ప్రతి వస్తువుకూ పట్టీ ఉండాలి, సాగే రబ్బరు తాడు కాదు, బిగిస్తే వదలని రాట్చెట్ పట్టీ. సడన్ బ్రేకుకు కుక్కర్ మూత కూడా రాయిలా ముందుకు వస్తుంది కాబట్టి ముందు సీట్ల వెనక ఒక గట్టి వల కట్టించు. నీళ్లు 20 లీటర్ల క్యాను ఒకటి కాకుండా పదేసి లీటర్లవి రెండు తీసుకో. ఒకటి పగిలినా ఒకటి మిగులుతుంది, నీ చేతికీ బరువు కాదు. వాటిని ముందు సీట్ల వెనకే, నేలకు ఆనించి పెట్టాలి. బరువైనది ఏదైనా కిందకూ, ముందు వెనక చక్రాల నడుమకూ రావాలి.

వెనక తలుపుకు బిగించే బల్ల నీకు బాగా నచ్చినట్టుంది. అమెరికాలో పశువుల మందలు తోలేవాళ్ల కోసం చార్లెస్ గుడ్‌నైట్ 1866లో బండి వెనక వంట అలమార అమర్చినప్పుడు, దాని తలుపు కిందికి దిగి నేల మీద కాలు మోపి బల్లగా నిలిచేది. మీ జిమ్నీ తలుపు పక్కకు తెరుచుకుంటుంది, దాని బల్లకు కింద కాలు లేదు, తలుపు మీద అప్పటికే స్టెప్నీ బరువు ఉంది, గాలి విసురుకు అది కదులుతుంది కూడా. ఆ బల్ల మీద కూరగాయలు తరుక్కో, పళ్లేలు పెట్టుకో. మరిగే నీళ్లు మాత్రం దాని మీద పెట్టవద్దు. పొయ్యికి నేల మీద నిలిచే చిన్న మడత బల్ల వేరే తీసుకో. తలుపు పైకి లేచే బండికి ఆ తలుపే చూరు అవుతుంది, మీకు ఆ సౌకర్యం లేదు కాబట్టి వానకు అడ్డంగా ఒక టార్పాలిన్, రెండు కర్రలు ఉండాలి.

పొయ్యి విషయంలో ఆన్‌లైన్‌లో అమ్మే పొడవాటి బ్యుటేన్ డబ్బాల రకం చూడడానికి ముచ్చటగా ఉంటుంది, మైదానంలో పనికి వస్తుంది. కాని బ్యుటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం దాదాపు మానేస్తుంది, మండుతున్న కొద్దీ డబ్బా ఇంకా చల్లబడుతుంది. స్పితిలో తెల్లవారుజామున కాఫీ కోసం వెలిగిస్తే మంట కనిపించీ కనిపించనట్టు ఉంటుంది. మనం ఇంట్లో వాడే గ్యాసులో ప్రొపేన్ కూడా కలిసి ఉంటుంది కాబట్టి చలికి అది మేలు. అయిదు కిలోల చిన్న సిలిండరు, ఛోటూ అని ఇండియన్ ఆయిల్ అమ్మేది, గుర్తింపు కార్డు చూపితే ఇస్తారు. బండి కదిలే ముందు రెగ్యులేటరు తీసి, వాల్వుకు మూత బిగించి, సిలిండరును నిలువుగానే పట్టీతో కట్టాలి. గ్యాసు గాలి కంటే బరువైనది, కారితే బండి అడుగున పేరుకుంటుంది. వాసన తగిలితే ముందు తలుపులన్నీ తెరవండి, ఆ తరువాతే ఏ స్విచ్చైనా. చలి వేస్తోందని టెంటులోగాని బండిలోగాని పొయ్యి వెలిగించకూడదు. మూసిన చోట పొయ్యి మండితే పుట్టే కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది, గ్యాసులా దానికి వాసన ఉండదు.

కాజా ఎత్తులో నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. గిన్నెలో పెట్టిన అన్నం ఎంతసేపు ఉడికినా గింజ నడుమ పలుకు మిగులుతుంది, కందిపప్పు అయితే ఉడకనే ఉడకదు. చిన్న కుక్కరు ఉంటే లోపలి వేడి అక్కడ కూడా 114 డిగ్రీల దాకా చేరుతుంది, మన ఇంట్లో వచ్చే 120కి అది పెద్ద తక్కువేమీ కాదు. నీ జాబితాలో ఉన్న అయిదు రకాల నాన్‌స్టిక్ పాత్రలూ తీసేసి మూడు లీటర్ల కుక్కరు ఒకటి, బాణలి ఒకటి పెట్టుకో. పప్పు ముందు రాత్రే నానబెట్టి మూత బిగించిన డబ్బాలో ఉంచితే గ్యాసు సగం మిగులుతుంది. స్టీలు పళ్లేల మధ్య పాత నూలు గుడ్డలు వేయి, లేకపోతే రాళ్ల దారిలో ఆ మోతకు మీ ఇద్దరికీ తగువులు వస్తాయి. ఆవకాయ బేగంబజారులో దొరికే మరమూత స్టీలు డబ్బాలో, అంచుకు రెండు వేళ్లు వెలితిగా పెట్టు. హైదరాబాదులో బిగించిన మూత లోపలి గాలి పైకి వెళ్లేకొద్దీ ఉబ్బి నూనెను మూత మర సందుల్లోంచి బయటికి తోస్తుంది. సిమ్లాలో ఒకసారి, కాజాలో ఒకసారి మూత వదులు చేసి మళ్లీ బిగిస్తే బట్టల సంచీ బతికిపోతుంది.

బయలుదేరడానికి ముందు ఒక రాత్రి మన మామిడితోటలో అన్నీ దింపి, వండుకుని, పడుకుని చూడండి. శ్రీశైలం దారిలో చూద్దామని మీ ఆయన అన్నాడట. అది పులుల అభయారణ్యం, అక్కడ మంట పెట్టకూడదు, రాత్రిపూట గేట్లు మూసేస్తారు, పగలు సొరుగు తెరిస్తే కోతులే వడ్డించుకుంటాయి. తోటలో ఏ వస్తువు కోసం మరో రెండు వస్తువులు దింపవలసి వచ్చిందో కాగితం మీద రాసుకుని, మరునాడు దాని చోటు మార్చు. ఆ తరువాత ట్యాంకు నింపి, మీరిద్దరూ బండిలో కూర్చునే లారీలు తూచే ధర్మకాంటా మీద మొత్తం బండిని ఒకసారి, వెనక చక్రాలు మాత్రమే ఉండేట్టు ఇంకోసారి తూయించి, ఆ చీటీలు రెండూ ఫొటో తీసి పంపు. వెనక ఎంత పడిందో చూశాక, సొరుగులోంచి ఏవి ముందుకు జరపాలో రాస్తాను.

ఇట్లు,
మీ మావయ్య