వర్క్‌షాప్ కోసం గొలుసు కుదవ పెట్టాలా?

కావలి నుంచి ఒక తమ్ముడు అడిగాడు. పోర్ట్రెయిట్లు వేస్తాడు, నెలకి నాలుగు ఆర్డర్లు, ఒక్కోటి 2,500, మిగతా రోజులు స్కూలు గోడలు, షాపు బోర్డులు. చెన్నైలో మూడ్రోజుల వాటర్ కలర్ వర్క్‌షాప్ ఉందంట, ఫీజు 15,000, ఇంట్లోవాళ్ళ గొలుసు కుదవ పెట్టి పోవచ్చా అని.

తమ్ముడూ, ఖర్చు 15,000 కాదు. రైలు, రూము, తిండి 5,000 అనుకో, వాళ్ళు తెచ్చుకోమనే పేపరు, బ్రష్షులు 3,000, పోను రాను ఐదు రోజుల పని పోతుంది, రోజుకి 900 లెక్కన 4,500, మొత్తం 27,500. ఒక్కో బొమ్మకి ఫ్రేము, పేపరు 900 పోను నీకు మిగిలేది 1,600, అంటే ఇప్పుడొచ్చేవి కాకుండా ఇంకో 18 బొమ్మలు అమ్మాల. రేటు 500 పెంచుకుంటా అంటావా, నెలకి నాలుగు మీద 14 నెలలు పడతాది, గొలుసు వడ్డీ ఇందులో ఇంకా కలపలా.

అట్లని వద్దనటంలా. ముఖంలో నీడ వేసేటప్పుడు రంగు బురదగా అయిపోతోందన్నావే, అది పక్కన కూర్చుని నీ చెయ్యి చూసి చెప్పేవాళ్ళు దొరికితే మాత్రం పోవాల్సిందే. నలభై మందిని కూర్చోబెట్టి నేర్పే ఆయనొక్కడే వేసి చూపించేదైతే వద్దు. సర్టిఫికెట్ కోసమైతే అసలొద్దు, మనూళ్ళో బొమ్మ వేయించుకునేవాళ్ళు అది అడగరు.

ముందు 100 శాతం కాటన్‌తో చేసిన, 300 జీఎస్ఎం (చదరపు మీటరు 300 గ్రాములు తూగే మందపాటి) పేపరు షీట్లు నాలుగు కొని ముక్కలు కోసుకుని రోజూ ఒక్క చెంప నీడే వెయ్యి, కింద పూత పూర్తిగా ఆరాకే రెండోది. మామూలు డ్రాయింగ్ పేపరు నీళ్ళకి ఉబ్బి రంగు లేచిపోతాది, సగం బురద దానివల్లే కావచ్చు. ఒక ఆదివారం బస్సెక్కి శ్రీకాళహస్తి పోయి కలంకారీ వేసేవాళ్ళని చూసిరా, కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద వెదురు కలంతో గీసి, మధ్యలో ఎన్నిసార్లు ఉతికి ఆరేస్తారో చూడు, ఆ ఓపిక నీకిప్పుడు కావాల్సింది.

చేతివృత్తులవాళ్ళకి కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో లోన్ ఇప్పిస్తామని ఎవరన్నా వస్తే డబ్బులియ్యబాక, ఆ పథకం కిందకొచ్చే 18 వృత్తుల్లో శిల్పులున్నారు గానీ పెయింటర్లు లేరు.

బ్యాంకులో నెలకి 2,300 చొప్పున ఏడాది ఆర్డీ కట్టు, 27,600 అవుతాది, వడ్డీ పైన. అప్పుడు ఫీజు కట్టేముందు ఫోన్ చేసి బ్యాచిలో ఎంతమంది, పోలేకపోతే డబ్బులు వెనక్కిస్తారా అని అడుగు, పోయొచ్చినవాళ్ళిద్దరి బొమ్మలు, ముందువీ తర్వాతవీ, వాట్సాప్‌లో తెప్పించుకుని చూసుకో.