ఐకాన్లు పెద్దవయ్యాయి.. కానీ అలికేసినట్టున్నాయి!

ప్రశ్న: నా వయసు 54. రైస్‌మిల్లులో లెక్కలు రాస్తాను. పదిహేనేళ్లుగా షుగర్ ఉంది. రెటీనా వాపుకు రెండు కళ్లకూ ఇంజెక్షన్లు వేయించుకున్నాను. వాపు తగ్గిందన్నారు గానీ కంప్యూటర్‌లో ఏదీ ఆనడం లేదు. మా అబ్బాయి ఐకాన్లు పెద్దవి చేశాడు, అవేమో అలికేసినట్టున్నాయి. అద్దాల పవర్ పెంచితే సరిపోతుందా? తెరకు దగ్గరగా కూర్చుంటే ఉన్న చూపూ పోతుందా?
– ఓ పాఠకుడు, తణుకు

జవాబు: దగ్గర్నుంచి చూస్తే చూపు పోదు. 60 సెంటీమీటర్ల దూరంలోని తెరను 30కి జరుపుకుంటే అక్షరం కంటికి రెట్టింపవుతుంది, పైసా ఖర్చు లేకుండా. అయితే ఆ దూరానికి తగ్గ అద్దాలు విడిగా రాయించుకోవాలి. దూరం మార్చకుండా పవర్ ఒక్కటే పెంచితే ఉన్నదీ మసకబారుతుంది.

మీ అబ్బాయి బహుశా రిజల్యూషన్ తగ్గించి ఉంటాడు. తెరలో చుక్కల సంఖ్య తయారీలోనే ఖాయమైపోతుంది. తగ్గిస్తే కంప్యూటర్ బొమ్మను సాగదీసి నింపుతుంది, అంచులు చెదిరిపోతాయి. దాన్ని మళ్లీ ‘రికమెండెడ్’ అన్నచోటికి తెచ్చి, విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే తెరిచి, స్కేల్‌ను 150 లేదా 175 శాతం చేయమనండి. డెస్క్‌టాప్ ఐకాన్లు ఇంకా పెరగాలంటే కంట్రోల్ మీట నొక్కిపట్టి మౌస్ చక్రాన్ని ముందుకు తిప్పండి. కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు స్కేల్ పెంచినా మసకగానే ఉంటాయి. అలాంటప్పుడు విండోస్ మీట, ప్లస్ కలిపి నొక్కితే భూతద్దం వస్తుంది. వద్దనుకుంటే విండోస్, ఎస్కేప్.

మాక్యులా (రెటీనా మధ్యభాగం) దెబ్బతిన్నవారికి సైజు ఎంత ముఖ్యమో రంగుల తేడా కూడా అంతే ముఖ్యం. మనవడి ఫొటోను వాల్‌పేపర్‌గా పెట్టుకుని, వాడి చొక్కా గళ్లలో ఐకాన్ల కోసం వెతుక్కునేవాళ్లు నా దగ్గరికి చాలామందే వస్తారు. ఫొటో గోడకు తగిలించుకోండి, తెరకు ఉత్త నల్లరంగు చాలు. మౌస్ బాణాన్ని కూడా పెద్దది చేసి పసుపు రంగు పెట్టించండి.

గ్లకోమాతో చూపు చుట్టూ నుంచి కుంచించుకుపోయినవారు మాత్రం ఈ సైజు పెంచే సలహా అనుసరించొద్దు. ఐకాన్లు మరీ పెరిగితే వారికి ఉన్న కాస్త చూపులో ఒకటో రెండో తప్ప పట్టవు. వారికి సైజు మామూలుగా ఉంచి రంగుల తేడా పెంచాలి.

హైదరాబాద్‌లోని ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో చూపు తక్కువున్నవారి కోసం పునరావాస విభాగం ఉంది. అలాంటిచోటికి వెళ్లేటప్పుడు మిల్లులో మీ కంటికీ తెరకూ మధ్య దూరం టేపుతో కొలిచి రాసుకెళ్లండి. ఓసీటీ పరీక్ష (రెటీనా పొరల స్కాన్) మీ డాక్టరు చెప్పిన గడువుకే చేయించండి. తిన్నని గీతలు ఉన్నట్టుండి వంకరగా కనిపించినా, కళ్ల ముందు నల్లచుక్కలు కొత్తగా తేలినా గడువు కోసం ఆగొద్దు. అదే రోజు చూపించుకోండి.